ప్లాస్టిక్ వస్తువుల ఉష్ణ వ్యాకోచం: కొలిచే పద్ధతులు

వేడెక్కితే పెరగడం, చల్లబడితే కుంచించుకుపోవడం దాదాపు ఘనపదార్థాలన్నిటికీ ఉన్న గుణమే. ప్లాస్టిక్‌లలో అది లోహాలకన్నా చాలా ఎక్కువ. మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 12 మైక్రోమీటర్లు పెరుగుతుంది. రాగి 17, అల్యూమినియం 23 మైక్రోమీటర్లు పెరుగుతాయి. అంతే పొడవున్న గట్టి పీవీసీ దాదాపు 70, పాలికార్బొనేట్ 65 నుంచి 70, నైలాన్ 66 సుమారు 80, అసిటాల్ 100 నుంచి 110, హెచ్‌డీపీఈ (అధిక సాంద్రత పాలిథిలీన్) 150 నుంచి 200 మైక్రోమీటర్ల దాకా పెరుగుతాయి. మార్పు ఇంత పెద్దదైతే కొలవడం తేలిక అనిపిస్తుంది. చిక్కేమిటంటే, ప్లాస్టిక్ ముక్క పొడవు వేడికి మాత్రమే మారదు. గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. అచ్చులో చిక్కుకున్న ఒత్తిళ్లు సడలినప్పుడు కుంచించుకుంటుంది. కొలిచే పరికరం మోపిన కొద్దిపాటి బరువుకే మెల్లగా అణగుతుంది. కాబట్టి పొడవులో వచ్చిన మార్పును పట్టుకోవడం ఈ కొలతలో సగం పనే. ఆ మార్పులో వేడి వాటా ఎంతో విడదీయడం మిగతా సగం, అసలు కష్టమంతా అక్కడే ఉంది.

లెక్క ఎలా ఉంటుందో డాబా మీద వేసిన నీటి గొట్టం దగ్గర చూడవచ్చు. 6 మీటర్ల పీవీసీ గొట్టాన్ని చలికాలం తెల్లవారుజామున, 15 డిగ్రీల దగ్గర బిగించారనుకుందాం. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో గాలి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలు దాటుతుంది, నేరుగా ఎండ తగిలే గొట్టం అంతకన్నా వేడెక్కుతుంది. గొట్టం 60 డిగ్రీలకు చేరితే తేడా 45 డిగ్రీలు. 6 మీటర్లను 70తోనూ 45తోనూ గుణిస్తే 18,900 మైక్రోమీటర్లు, అంటే దాదాపు 19 మిల్లీమీటర్లు. రెండు కొసలూ కదలకుండా క్లాంపులు బిగిస్తే ఈ 19 మిల్లీమీటర్లకు పోయే దారి ఉండదు. అప్పుడు గొట్టంలో పుట్టే ఒత్తిడి సుమారు 9 మెగాపాస్కల్స్. ఇదే స్థితిలో ఉక్కు గొట్టంలో పుట్టేది 100 మెగాపాస్కల్స్ పైనే. పీవీసీ ఎక్కువ పెరిగినా మెత్తనిది కాబట్టి తక్కువ తోస్తుంది. అందుకే పీవీసీ గొట్టం విరగకుండా విల్లులా వంగుతుంది, దెబ్బ ఎల్బోల దగ్గర, సొల్యూషన్ పెట్టి అతికించిన జాయింట్ల దగ్గర పడుతుంది. అనుభవమున్న ప్లంబర్లు పొడవాటి లైన్లలో అక్కడక్కడా లూపులు వదలడం, క్లాంపును గొట్టం జారేటంత వదులుగా ఉంచడం ఈ లెక్క వేసుకుని చేసే పనులు కావు, కానీ లెక్కకు సరిపోయే పనులే.

గుణకం

ఒక డిగ్రీ తేడాకు, యూనిట్ పొడవుకు వచ్చే పెరుగుదలను దైర్ఘ్య వ్యాకోచ గుణకం అంటారు. ఇక్కడ ఇచ్చే గుణకాలన్నీ డిగ్రీకి మీటరుకు మైక్రోమీటర్లలో. లోహాల విషయంలో మామూలు ఉష్ణోగ్రతల పరిధిలో దీన్ని స్థిరసంఖ్యగా తీసుకున్నా పెద్ద తప్పు రాదు. ప్లాస్టిక్ దగ్గర అలా కుదరదు. ఉష్ణోగ్రతతో పాటు గుణకమూ పెరుగుతుంది, కొన్ని చోట్ల ఒక్కసారిగా ఎగబాకుతుంది. కాబట్టి సంఖ్య ఒక్కటే చెబితే చాలదు, ఏ ఉష్ణోగ్రత నుంచి ఏ ఉష్ణోగ్రతకు తీసిన సగటో కూడా చెప్పాలి. పొడవు, ఉష్ణోగ్రతల గ్రాఫు మీద రెండు బిందువులను కలిపే గీత వాలు సగటు గుణకాన్ని ఇస్తే, ఒకే బిందువు దగ్గరి వాలు ఆ ఉష్ణోగ్రతలోని గుణకాన్ని ఇస్తుంది. తయారీదారుల డేటాషీట్లలో తరచూ కనిపించే ఒంటరి సంఖ్యను నమ్మి 80 డిగ్రీల దగ్గర పనిచేసే వస్తువును డిజైన్ చేయడం ప్రమాదం. ఆ సంఖ్య గది ఉష్ణోగ్రత పరిసరాల్లో తీసినదై ఉండవచ్చు.

అన్ని దిక్కులా ఒకేలా పెరిగే పదార్థంలో ఘనపరిమాణ వ్యాకోచ గుణకం దైర్ఘ్య గుణకానికి మూడింతలు. అచ్చు పోసిన ప్లాస్టిక్ అలా పెరగడం అరుదు. కాబట్టి మూడు దిక్కుల గుణకాలను విడివిడిగా కొలిచి కూడుకోవాల్సి వస్తుంది.

ఎందుకింత ఎక్కువ

పాలిమర్ అంటే పొడవాటి అణుగొలుసుల ముద్ద. గొలుసు వెంట పరమాణువులను పట్టి ఉంచేవి బలమైన సమయోజనీయ బంధాలు. ఒక గొలుసుకూ పక్క గొలుసుకూ మధ్య ఉన్నవి ఎక్కువగా బలహీనమైన వాన్ డర్ వాల్స్ ఆకర్షణలు. వేడి పెరిగి గొలుసులు ఎక్కువగా కంపించేసరికి ఈ బలహీనమైన పట్టు సులువుగా సడలుతుంది, గొలుసుల మధ్య ఎడం పెరుగుతుంది. గొలుసు పొడవు వెంట మాత్రం పరిస్థితి తలకిందులు. పాలిథిలీన్ స్ఫటికంలో గొలుసుల దిశలో కొలిస్తే గుణకం రుణాత్మకంగా వస్తుంది, డిగ్రీకి మీటరుకు దాదాపు 12 మైక్రోమీటర్లు తగ్గుతుంది. కంపనం పక్కలకు ఎక్కువగా సాగి గొలుసును కొద్దిగా కురచ చేస్తుంది. కెవ్లార్ లాంటి అరామిడ్ దారాలు కూడా వేడెక్కితే పొడవు తగ్గుతాయి. అచ్చులో కరిగిన ప్లాస్టిక్ ప్రవహించినప్పుడు గొలుసులు కొంతవరకు ప్రవాహం వెంట బారులు తీరతాయి. అంచేత ఒకే పలకలో పొడవు దిశలో ఒక గుణకం, వెడల్పులో ఇంకొకటి వస్తాయి.

రెండో కారణం గాజు సంక్రమణ ఉష్ణోగ్రత. ఇంజినీర్లు దీన్ని పొట్టిగా టీజీ అంటారు. దీని కింద గొలుసులు గడ్డకట్టినట్టు ఉంటాయి, దీని పైన గొలుసు ముక్కలు చోటు మార్చుకోగలుగుతాయి. పాలిస్టైరీన్‌కు ఇది 100 డిగ్రీల దగ్గర, పీవీసీకి 80 దగ్గర, పాలికార్బొనేట్‌కు 147 దగ్గర ఉంటుంది. పీక్ అనే ఖరీదైన ఇంజినీరింగ్ ప్లాస్టిక్‌కు 143. ఈ గీత దాటగానే వ్యాకోచ గుణకం రెండింతలో అంతకు మించో అవుతుంది. పీక్‌లో గీతకు కింద 50 చుట్టూ ఉండే సంఖ్య పైన 100 దాటుతుంది. హెచ్‌డీపీఈకి టీజీ సున్నాకు వంద డిగ్రీలకు పైగా దిగువన ఉంది. మనం దాన్ని వాడే ఉష్ణోగ్రతలన్నీ గీతకు పైనే పడతాయి, అందుకే అది అంతగా వ్యాకోచిస్తుంది.

టెఫ్లాన్ అని పిలిచే పీటీఎఫ్ఈది వేరే కథ. దాని స్ఫటికాల అమరిక 19 డిగ్రీల దగ్గర ఒకసారి, 30 డిగ్రీల దగ్గర మరోసారి మారుతుంది. 19 డిగ్రీల మార్పులోనే ఘనపరిమాణం ఒక శాతం పైగా పెరుగుతుంది. గుణకంతో గుణించి సరిదిద్దే మార్పు కాదిది, గ్రాఫులో మెట్టులా కనిపిస్తుంది. మన గదుల్లో ఉష్ణోగ్రత జనవరి రాత్రి నుంచి మే మధ్యాహ్నానికి ఈ రెండు మెట్లనూ ఎక్కుతుంది. టెఫ్లాన్ సీలును లేత్ మీద తిప్పి సన్నని టాలరెన్సుకు తెచ్చామనుకునేవారు ఏ ఉష్ణోగ్రతలో కొలిచారో రాసుకోకపోతే ఆ టాలరెన్సుకు అర్థం లేదు.

పాత కొలతలు

వేడికి కడ్డీలు ఎంత పెరుగుతాయో కొలిచే పరికరాన్ని 18వ శతాబ్దంలో డచ్ శాస్త్రవేత్త పీటర్ వాన్ ముస్షెన్‌బ్రూక్ తయారుచేశాడు. కానీ ఈ కొలతకు కచ్చితత్వం తెచ్చింది భూమి సర్వే. 1784లో లండన్ దగ్గరి హౌన్‌స్లో హీత్ మైదానంలో జనరల్ విలియం రాయ్ ఆధార రేఖను కొలవడానికి మొదట పైన్ కలప కడ్డీలు వాడాడు. అవి తేమకు ఉబ్బి పొడవు మారడంతో వాటిని పక్కన పెట్టి గాజు గొట్టాలకు మారాడు. గాజు తేమను పట్టించుకోదు, వేడికి ఎంత పెరుగుతుందో కొలిచి తీసేయవచ్చు. ఆ వ్యాకోచాన్ని సూక్ష్మదర్శినులతో కొలిచే పరికరాన్ని జెస్సీ రామ్స్‌డెన్ చేసిచ్చాడు. తేమ వల్ల వచ్చిన మార్పునూ వేడి వల్ల వచ్చిన మార్పునూ వేరుచేయాలన్న గొడవ అంత పాతది. నైలాన్ కొలిచేవాళ్లు ఇప్పటికీ అదే పడుతున్నారు.

భారత త్రికోణమితీయ సర్వే ఆ తర్వాత థామస్ కోల్బీ కడ్డీలను తెచ్చుకుంది. ఇత్తడి, ఇనుము కడ్డీలను పక్కపక్కన బిగించి, రెండింటి వ్యాకోచాల తేడాతోనే గుర్తుల మధ్య 10 అడుగుల దూరం మారకుండా చూసే ఏర్పాటు అది. 1841లో బీదర్‌లో, 1862లో విశాఖపట్నంలో ఆధార రేఖలు కొలిచింది వీటితోనే. 1896లో చార్లెస్ ఎడువార్డ్ గియోమ్ ఇన్వార్ అనే నికెల్, ఇనుము మిశ్రమాన్ని కనుక్కున్నాడు. దాని గుణకం ఉక్కులో పదోవంతు. ఆయనకు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇప్పటి ప్లాస్టిక్ కొలతలకు ఆధారం మాత్రం ఇన్వార్ కాదు, కరిగించిన సిలికా. డిగ్రీకి మీటరుకు అది అర మైక్రోమీటరు మాత్రమే పెరుగుతుంది.

సిలికా గొట్టం పద్ధతి

ప్లాస్టిక్‌లకు ఎక్కువగా వాడిన సాదా పద్ధతి అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి696లో ఉంది. ఒక కొస మూసిన సిలికా గొట్టం అడుగున ప్లాస్టిక్ ముక్కను నిలబెడతారు. దాని నెత్తిన సిలికా కడ్డీ నిలుస్తుంది. కడ్డీ పై కొసకు డయల్ గేజ్ ఆనుతుంది. గొట్టాన్ని ద్రవంలో ముంచి, మైనస్ 30 డిగ్రీల దగ్గర గేజ్ ముల్లు కదలడం ఆగేదాకా వేచి ఉండి రీడింగ్ తీసుకుంటారు. తర్వాత ప్లస్ 30 డిగ్రీల ద్రవంలోకి మార్చి మళ్లీ ఆగేదాకా చూస్తారు. గొట్టమూ కడ్డీ కూడా సిలికావే కాబట్టి గేజ్ చూపేది ప్లాస్టిక్‌కూ సిలికాకూ మధ్య తేడా. దానికి సిలికా వాటా కలిపితే సరిపోతుంది. గుణకం 70 ఉన్న ప్లాస్టిక్‌లో ఈ సవరణ ఒక శాతం కన్నా తక్కువ. ఉక్కుకు ఇదే పరికరం వాడితే సవరణ నాలుగైదు శాతం ఉంటుంది.

100 మిల్లీమీటర్ల ముక్క 60 డిగ్రీల తేడాలో 0.42 మిల్లీమీటర్లు కదులుతుంది. మైక్రోమీటరు చూపే డయల్ గేజ్‌కు ఇది పెద్ద కదలికే. పద్ధతిలోని అసలు తెలివి ఇక్కడ కాదు, వెనక్కి వచ్చే దారిలో ఉంది. ముక్కను మళ్లీ మైనస్ 30కి దించి మొదటి రీడింగ్‌కు తిరిగి వచ్చిందో లేదో చూడాలి. ఎక్కేటప్పుడు వచ్చిన లెక్కకూ దిగేటప్పుడు వచ్చిన లెక్కకూ సగటులో 10 శాతం మించి తేడా ఉంటే కారణం వెతికి, సరిచేసి, మళ్లీ కొలవమని ప్రమాణమే చెబుతుంది. వ్యాకోచం వెనక్కి వచ్చే మార్పు. రానిదేదైనా ఉందంటే అది వేరే ఏదో. పరీక్ష పరిధిని సున్నాకు అటూ ఇటూ 30 డిగ్రీలకు పరిమితం చేయడం కూడా ఆలోచించి చేసినదే. చాలా ప్లాస్టిక్‌లు ఆ మధ్యలో కాస్త బుద్ధిగా ఉంటాయి. ఆ బుద్ధి లేనివాటికి ఈ పద్ధతి సరిపడదు.

టీఎంఏ

థర్మోమెకానికల్ ఎనలైజర్‌ను ప్రయోగశాలల్లో టీఎంఏ అనే అంటారు. ప్లాస్టిక్ పరిశ్రమ ఇప్పుడు ఎక్కువగా వాడేది దీన్నే. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌వో 11359-2, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఇ831 దీనికోసం రాసినవే. కొన్ని మిల్లీమీటర్ల ఎత్తున్న ముక్కను చిన్న కొలిమిలో సిలికా పీఠం మీద పెట్టి, పైన సిలికా ప్రోబ్ ఆనిస్తారు. ప్రోబ్ కదలికను ఎల్‌వీడీటీ అనే విద్యుత్ సెన్సరు నానోమీటర్ల స్థాయిలో చదువుతుంది. ఉష్ణోగ్రతను నిమిషానికి 5 డిగ్రీలకు మించకుండా పెంచుతూ పోతే తెర మీద గ్రాఫు గీసుకుంటుంది. మైనస్ వంద డిగ్రీల కింది నుంచి ప్లాస్టిక్ కరిగేదాకా ఒకే పరుగులో చూడవచ్చు. టీజీ దగ్గర గ్రాఫు వంగే మలుపు కూడా అందులోనే తేలుతుంది.

సౌకర్యానికి తగ్గ షరతులూ ఉన్నాయి. ముక్క 5 మిల్లీమీటర్లదైతే ఒక డిగ్రీకి కదలిక మైక్రోమీటరులో మూడోవంతు. రెండు చివరలూ సమతలంగా, సమాంతరంగా లేకపోతే, ప్రోబ్ అంచున ఒక చిన్న బుడిపె మిగిలితే ఆ బుడిపె వేడికి అణగడం కూడా లెక్కలో చేరిపోతుంది. రంపంతో కోసేటప్పుడు వేడెక్కి కరిగిన అంచును అలాగే వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. తడి ఎమరీ కాగితం మీద మెల్లగా రుద్ది, తర్వాత ఆరబెట్టాలి. ఉష్ణోగ్రతను చదివే థర్మోకపుల్ ముక్కకు పక్కన ఉంటుంది, లోపల కాదు. ప్లాస్టిక్ వేడిని మెల్లగా లోపలికి పంపుతుంది కాబట్టి త్వరపడి వేడిచేస్తే థర్మోకపుల్ చూపేదానికన్నా ముక్క వెనకబడి ఉంటుంది. థర్మోకపుల్‌ను సరిచూసుకోవడానికి 156.6 డిగ్రీల దగ్గర కరిగే ఇండియం ముక్కను, పొడవు కొలతను సరిచూడటానికి గుణకం తెలిసిన అల్యూమినియం దిమ్మను వాడతారు.

ప్రోబ్ బరువు మరో విషయం. ముక్కను వదలకుండా ఆనుకుని ఉండేటంత బలం కావాలి, దాన్ని నొక్కేటంత ఉండకూడదు. న్యూటనులో వందో వంతు నుంచి ఇరవయ్యో వంతు దాకా వాడటం పరిపాటి. టీజీ దాటి ముక్క మెత్తబడ్డాక ఆ కాస్త బరువుకే ప్రోబ్ దిగబడుతుంది, పైకి పోవాల్సిన గ్రాఫు కిందికి తిరుగుతుంది. దాన్ని చూసి ప్లాస్టిక్ కుంచించుకుందని రిపోర్టు రాసేవాళ్లూ లేకపోలేదు.

మిగతా దారులు

కాంతి తరంగాల వ్యతికరణంతో ఏర్పడే చారలను చూసి వ్యాకోచాన్ని కొలిచే ఆలోచన 1860లలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజోది. ఇప్పుడు లేజరుతో చేస్తారు. హీలియం-నియాన్ లేజరు వాడితే ఒక్కో చార కదలిక 316 నానోమీటర్లకు సమానం. మామూలు ప్లాస్టిక్‌కు ఇంత సున్నితత్వం అక్కరలేదు. గుణకం సున్నాకు దగ్గరగా ఉండేలా తయారుచేసే కార్బన్ ఫైబర్ పలకలకు, ఉపగ్రహ భాగాలకు ఇది అవసరం.

స్ట్రెయిన్ గేజ్‌లతోనూ కొలవవచ్చు. ఒకే రకం గేజ్‌లను ప్లాస్టిక్ మీద ఒకటి, దాదాపు వ్యాకోచించని టైటానియం సిలికేట్ గాజు మీద ఒకటి అంటించి రెండింటి తేడా తీసుకుంటారు. లోహాలకు ఇది చక్కగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ మీద రెండు ఇబ్బందులు వస్తాయి. గేజ్ రేకు, జిగురు కలిసి మెత్తని ప్లాస్టిక్‌ను ఆ కాస్త చోట బిగబట్టి దాన్ని సరిగా పెరగనివ్వవు. గేజ్‌లో పారే విద్యుత్తు పుట్టించే వేడి ప్లాస్టిక్‌లోంచి త్వరగా బయటికి పోదు. పలచని భాగాల మీద ఈ పద్ధతి ఇచ్చే సంఖ్యలను జాగ్రత్తగా చూడాలి.

ముక్క కోయకుండా మొత్తం వస్తువునే చూడాలంటే కెమెరా పద్ధతి మేలు. దీని పేరు డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్. వస్తువు మీద తెల్ల రంగు కొట్టి దానిపై నల్ల చుక్కలు చిమ్ముతారు. ఓవెన్‌లో పెట్టి, గాజు కిటికీ గుండా రెండు కెమెరాలతో ఫొటోలు తీస్తూ, చుక్కల గుంపులు ఎటు ఎంత జరిగాయో కంప్యూటర్ లెక్కిస్తుంది. పొడవులో పదివేల వంతు మార్పును ఇది పట్టగలదు. 70 గుణకమున్న ప్లాస్టిక్ 50 డిగ్రీలకు పదివేలకు 35 వంతులు మారుతుంది, కాబట్టి పట్టుకు అందుతుంది. పక్కటెముకలు, బోల్టు రంధ్రాలు ఉన్న భాగం ఏ చోట ఎటు మెలితిరుగుతుందో ఈ పద్ధతుల్లో చూపగలిగేది ఇదొక్కటే. ఓవెన్‌లో వేడిగాలి సుడి తిరగడం వల్ల చుక్కలు వణికినట్టు కనిపించడం దీని బలహీనత. ఎండలో తారురోడ్డు మీద గాలి వణకడం అందరూ చూసినదే. ఫ్యాను ఆపి గాలి నిలకడ పడ్డాక ఫొటో తీయడం, ఒక్కో ఉష్ణోగ్రతలో చాలా ఫొటోల సగటు తీసుకోవడం చేస్తారు.

వేడిది కాని వాటా

తేమ సంగతిలో నైలాన్‌ను మించిన ఉదాహరణ లేదు. నైలాన్ 6 నీటిలో నానితే బరువులో 9 శాతం దాకా నీరు తాగుతుంది. 50 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచితే రెండున్నర, మూడు శాతం దగ్గర నిలుస్తుంది. ఆ తేమకే పొడవు అర శాతం పైన పెరుగుతుంది. వేడి వల్ల అంత పెరగాలంటే ముక్కను 60, 70 డిగ్రీలు వేడిచేయాలి. తడి నైలాన్‌ను టీఎంఏలో పెట్టి వేడిచేస్తే ఒక పక్క వేడికి పెరుగుతూ, మరో పక్క ఆరిపోతూ కుంచించుకుంటుంది. గ్రాఫు మొదట పైకి పోయి, బల్లపరుపై, కొన్నిసార్లు కిందికి వాలుతుంది. అందులోంచి వాలు తీసి గుణకం అని రాయడం కుదరదు. ముక్కను వాక్యూమ్ ఓవెన్‌లో పొడిగా ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి, వెంటనే కొలవాలి. లేదా తేమ స్థిరంగా ఉంచిన గదిలో, తేమ మారనంత తక్కువ ఉష్ణోగ్రతల తేడాలో కొలవాలి. రెండు సంఖ్యలూ సరైనవే, వాటి అర్థాలు వేరు. తేమ టీజీని కూడా దించేస్తుంది. పొడి నైలాన్ 66లో 50 డిగ్రీల పైన ఉండే మలుపు తడి ముక్కలో గది ఉష్ణోగ్రతకో అంతకన్నా కిందికో దిగుతుంది. వానాకాలంలో విశాఖ సముద్రపు గాలిలో నిల్వ ఉన్న బుష్‌లూ, ఎండాకాలం హైదరాబాదులో ఉన్న బుష్‌లూ ఒకే అచ్చులో తీసినవైనా ఒకే కొలతలో ఉండకపోవడానికి ఉష్ణోగ్రతకన్నా ఇదే పెద్ద కారణం.

అచ్చులోంచి వచ్చిన భాగంలో ఇంకో గుట్టు దాగి ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ గోడకు తగిలిన పైపొర ముందు గడ్డకడుతుంది, లోపలి పొర ఆలస్యంగా చల్లారుతూ కుంచించుకోవాలని చూస్తుంది. పైపొర దాన్ని పట్టి ఆపుతుంది. ఆ పెనుగులాట అలాగే నిలిచిపోతుంది. భాగాన్ని మొదటిసారి టీజీ దగ్గరకు వేడిచేయగానే సడలి పొడవు తగ్గుతుంది. అందుకే టీఎంఏలో రెండుసార్లు వేడిచేస్తారు. మొదటి గ్రాఫు ఆ భాగం పుట్టిన తీరును చెబుతుంది, రెండోది పదార్థం గుణాన్ని చెబుతుంది. పదార్థాలను పోల్చడానికి రెండోదే వాడాలి. నిజంగా కారు బానెట్ కింద పెట్టే భాగం మొదటి వేసవిలో ఏం చేస్తుందో తెలియాలంటే మొదటి గ్రాఫు కూడా దాచుకోవాలి. చాలా రిపోర్టుల్లో అది కనిపించదు. పాలీప్రొపిలీన్, అసిటాల్ లాంటి స్ఫటిక ప్లాస్టిక్‌లు అచ్చు దిగిన తర్వాత కూడా రోజుల తరబడి స్ఫటికీకరణ సాగిస్తూ కొద్దికొద్దిగా కుంచించుకుంటాయి. దాన్ని పోస్ట్ ష్రింకేజ్ అంటారు. అచ్చు ష్రింకేజ్ మరీ పెద్దది, పాలీప్రొపిలీన్‌లో ఒకటి నుంచి రెండున్నర శాతం. దాన్నీ వ్యాకోచ గుణకాన్నీ కలిపేయడం టూల్‌రూముల్లో తరచూ వినిపించే గందరగోళం. మొదటిది కరిగిన స్థితి నుంచి గట్టిపడే దాకా జరిగి ఆగిపోయేది, రెండోది ఆ భాగం బతికినన్నాళ్లూ రోజూ జరిగేది.

గాజు నార కలిపిన ప్లాస్టిక్‌లో దిక్కుల తేడా ఎక్కువ. గాజు నార గుణకం 5 మాత్రమే. నారలు ప్రవాహం వెంట బారులు తీరి ఆ దిశలో ప్లాస్టిక్‌ను పెరగనివ్వవు. 30 శాతం గాజు ఉన్న నైలాన్ 66లో ప్రవాహ దిశలో 20 నుంచి 30 వస్తే అడ్డంగా కొలిచినప్పుడు 60 నుంచి 80 రావచ్చు. పలక మధ్య పొరలో నారలు ప్రవాహానికి అడ్డంగా తిరిగి ఉంటాయి కాబట్టి మందం మారితే నిష్పత్తీ మారుతుంది. కరిగిన ప్లాస్టిక్ వచ్చే గేట్ దగ్గర కోసిన ముక్కా, చివర కోసిన ముక్కా ఒకే సంఖ్య ఇవ్వవు. రిపోర్టులో ముక్కను ఎక్కడ కోశారో బొమ్మ గీసి చూపకపోతే ఆ సంఖ్యను డిజైన్‌కు వాడలేం.

దిక్కుల తేడా ప్రాణాంతకమయ్యేది ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల్లో. ఎఫ్ఆర్-4 అనే గాజుగుడ్డ, ఎపాక్సీ పలక పొడవు వెడల్పుల్లో 14 నుంచి 17 మాత్రమే పెరుగుతుంది, ఇది రాగి గుణకానికి దగ్గర. మందం దిశలో గుడ్డ పట్టు ఉండదు. అక్కడ టీజీ కింద 50 నుంచి 70, టీజీ పైన 200 నుంచి 300. బోర్డును టంకం వేసే ఓవెన్ గుండా పంపినప్పుడు ఉష్ణోగ్రత టీజీని దాటుతుంది. పొరలను కలిపే రంధ్రాల లోపలి రాగి పూత 17కు మించి పెరగలేక సాగి, చీలుతుంది. అందుకే బోర్డు తయారీదారులు మందం దిశ వ్యాకోచాన్ని టీఎంఏలో కొలిచి, 50 నుంచి 260 డిగ్రీల మధ్య మొత్తం ఎంత శాతం పెరిగిందో చెబుతారు. ఇక్కడ గుణకం కన్నా ఆ శాతమే పనికొస్తుంది.

వస్తువునే కొలిచేటప్పుడు

పొడవు కొలతలకు ప్రపంచమంతటా ఒప్పుకున్న ఆధార ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. ప్లాస్టిక్ పరీక్షలకు 23 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న వాతావరణం ప్రమాణం. ఉష్ణదేశాలకు 27 డిగ్రీలు, 65 శాతం తేమను కూడా ఐఎస్‌వో 291 ఒప్పుకుంటుంది. మనదేశంలో తాగునీటి పీవీసీ గొట్టాల ప్రమాణం ఐఎస్ 4985 కూడా ఒత్తిడి రేటింగులను 27 డిగ్రీలకే చెబుతుంది. కాబట్టి డ్రాయింగ్‌లో ఉన్న మిల్లీమీటర్లు ఏ ఉష్ణోగ్రతవో మొదట తేల్చుకోవాలి.

400 మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ ట్రేను తీసుకుంటే, గుణకం 100 అనుకున్నా, 20 డిగ్రీల గదికీ 30 డిగ్రీల షాప్‌ఫ్లోర్‌కూ మధ్య 0.4 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఉక్కు వెర్నియర్‌తో కొలిస్తే వెర్నియర్ తానూ 0.05 మిల్లీమీటర్లు పెరిగి ఉంటుంది, రీడింగ్‌లో 0.35 తేడా మాత్రమే కనిపిస్తుంది. ఉక్కుతో ఉక్కును కొలిచినప్పుడు రెండూ కలిసి పెరిగి తప్పు దాదాపు కనపడదు. ఆ అలవాటుతో ప్లాస్టిక్‌ను కొలిచే ఇన్‌స్పెక్టర్ ఉదయం పాసైన లాటును మధ్యాహ్నం రిజెక్ట్ చేస్తాడు.

ఏసీ గదిలోకి తెచ్చిన వెంటనే కొలవడం కూడా ఇలాంటిదే. 3 మిల్లీమీటర్ల గోడ ఉన్న భాగం నిశ్చలమైన గాలిలో గది ఉష్ణోగ్రతకు రావడానికి దాదాపు అరగంట పడుతుంది. 20 మిల్లీమీటర్ల దిమ్మకు రెండు మూడు గంటలు కావాలి. ఒకదానిమీద ఒకటి పేర్చిన ట్రేలకు ఇంకా ఎక్కువ. చేత్తో పట్టుకుని కొలిస్తే చేతి వేడి పట్టుకున్న చోటే ఎక్కుతుంది, వస్తువు వంగుతుంది. కోఆర్డినేట్ మెజరింగ్ మెషీన్లలో ఉష్ణోగ్రత సవరణ చేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అందులో ఉక్కు గుణకమే వదిలేసి ప్లాస్టిక్ భాగాన్ని కొలిస్తే సవరణ పేరుతో మరో తప్పు చేరుతుంది.

ప్రయోగశాలలో కొలిచిన వస్తువు యంత్రంలో బిగించాక వేరుగా ప్రవర్తించడం కూడా సహజమే. విడిగా ఉన్న నైలాన్ బుష్‌ను వేడిచేస్తే బయటి వ్యాసంతో పాటు లోపలి రంధ్రమూ పెద్దదవుతుంది. అదే బుష్‌ను ఉక్కు హౌసింగ్‌లో ప్రెస్ చేశాక బయటికి పెరిగే చోటు లేదు. పెరిగిన పదార్థమంతా లోపలికి తిరిగి రంధ్రం చిన్నదవుతుంది, షాఫ్ట్ బిగుసుకుంటుంది. క్లియరెన్సు లెక్కలో రెండో పరిస్థితినే తీసుకోవాలి. దానికోసం గుణకంతో పాటు గోడ మందం, హౌసింగ్ గుణకం, ప్లాస్టిక్ నీరు తాగే శాతం కూడా కావాలి. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాదు చర్లపల్లిలోనూ విజయవాడలోనూ ఉన్న సిపెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ కేంద్రాలు ప్లాస్టిక్ పరీక్షలు చేస్తాయి. ఇలాంటి ప్రయోగశాలకు ముక్కలు పంపేటప్పుడు గేట్ ఎక్కడుందో, ప్రవాహం ఎటో బాణం గుర్తు వేసి, ఎన్ని డిగ్రీల నుంచి ఎన్ని డిగ్రీల దాకా కావాలో, ఆరబెట్టి కొలవాలో గాలిలో ఉన్నట్టే కొలవాలో రాసి పంపాలి. రాయకపోతే 23 నుంచి 55 డిగ్రీలకో అలాంటి మరో మామూలు పరిధికో తీసిన ఒక సంఖ్య తిరిగి వస్తుంది. బుష్ పనిచేసేది 90 డిగ్రీల నూనెలో అయితే దానితో ఒరిగేదేమీ ఉండదు.